వేసవి సెలవుల్లో శ్రీలంక: ఏ నెలలో ఏ తీరం?

సంపాదక మహాశయులకు నమస్కారములు.

మీ ఆదివారం సంచికలో వేసవి విహారయాత్రల మీద వచ్చిన వ్యాసం చదివాక, దాని పక్కనే పేజీ నిండా వేసిన ట్రావెల్స్ ప్రకటనలు చూశాక ఈ ఉత్తరం రాయవలసి వచ్చింది. మే నెలలో పిల్లాపాపలతో శ్రీలంక వెళ్లి సాహస యాత్ర చేయండంటూ అందులో సూచించిన చోట్లు బెంటోట, హిక్కడువ, మిరిస్స, కితుల్‌గల. నాలుగూ చక్కటి చోట్లే, వాటిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అయితే నాలుగూ ఆ ద్వీపానికి నైరుతి వైపున ఉన్నవి. నైరుతి రుతుపవనాలు ఆ వైపును తాకేది సరిగ్గా ఆ నెలలోనే. వ్యాసంలో హోటళ్ల ధరలున్నాయి, విమాన ఛార్జీలున్నాయి, శాకాహారులకు ఎక్కడ ఏం దొరుకుతుందో కూడా ఉంది. వానల సంగతి మాత్రం ఒక్క ముక్క లేదు.

శ్రీలంక విస్తీర్ణం 65,610 చదరపు కిలోమీటర్లు, అంటే ఆంధ్రప్రదేశ్‌లో సగం కూడా లేదు. అంత చిన్న దేశంలో ఒక మూల కుంభవృష్టి కురుస్తుంటే మరో మూల ఎండ కాస్తుందని చెబితే మొదట ఎవరికీ నమ్మబుద్ధి కాదు. కారణం నడిమధ్యన ఉన్న కొండలు. వాటిలో ఎత్తైన పిదురుతలాగల శిఖరం 2,524 మీటర్లు ఉంటుంది. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలులు మోసుకొచ్చే తేమలో ఎక్కువ భాగం ఈ కొండలకు పడమటి వైపున, కొలంబో, గాలే, రత్నపుర ప్రాంతాల మీదే కురిసిపోతుంది. కొండలు దాటి తూర్పుకు దిగేసరికి ఆ గాలి ఎండిపోయి, వేడెక్కి ఉంటుంది. ఆ వేడిగాలిని అక్కడి తమిళులు కచ్చాన్ అంటారు. ఈశాన్య గాలుల కాలంలో కథ తిరగబడుతుంది: తూర్పు తీరం తడుస్తుంది, దక్షిణ తీరం తేటపడుతుంది.

చెన్నైలో కాపురముంటున్న తెలుగువాళ్లకు ఇదేమీ వింత కాదు. జూన్ రాగానే బంధువులందరూ మృగశిర కార్తె వచ్చింది, తొలకరి పడిందని ఊళ్ల నుంచి ఫోన్లు చేస్తుంటే మనం ఇక్కడ ఉక్కపోతలో కూర్చుంటాం; మనకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు. శ్రీలంక తూర్పు తీరంలోని త్రికోణమలైదీ దాదాపు మన తీరే. చెన్నైలో గొడుగు బయటికి తీసే నెలల్లో త్రికోణమలైకి వెళ్లకూడదనీ, చెన్నైలో రోహిణి కార్తె ఎండలు మండే రోజుల్లో నిశ్చింతగా వెళ్లవచ్చనీ గుర్తుపెట్టుకుంటే చాలు. కార్తె చూసి విత్తనం చల్లిన రైతుల మనవలం, మనవరాళ్లం మనం. కార్తె మాట అటుంచి, ప్యాకేజీ కొనేటప్పుడు నెల కూడా చూడడం మానేశాం.

మరి తెలిసిన విషయమే అయితే మే నెలలో నైరుతి తీరాన్ని ఎందుకు అమ్ముతున్నారు? నాకు అర్థమైనంతవరకు దీనికి కారణం చాలా మామూలుది. అంతర్జాతీయ విమానాలు ఎక్కువగా దిగేది కొలంబోకు దగ్గరలో. అక్కడి నుంచి గంటన్నర, రెండు గంటల ప్రయాణంలో బెంటోట, హిక్కడువ వస్తాయి. త్రికోణమలైకి అయితే రోడ్డు మీద అయిదారు గంటలు పడుతుంది. పెద్ద హోటళ్లలో చాలా భాగం దక్షిణ, పశ్చిమ తీరాల మీదే ఉన్నాయి. వానాకాలంలో గదులు ఖాళీగా ఉంటాయి కాబట్టి ధర తగ్గిస్తాయి. ఆ తగ్గిన ధరనే మన దగ్గర ‘వేసవి ప్రత్యేక ఆఫర్’ అని అచ్చువేస్తారు. పర్యాటకులు ఎక్కువగా వచ్చే కాలంలో ఉండే ధరలో సగానికే సముద్రపు ఒడ్డున గది దొరుకుతోందంటే, ఎందుకు దొరుకుతోందని అడగవలసిన పూచీ కొనేవాళ్ల మీద పడుతోంది.

మేము అడిగాం. ఇక్కడి ఒక ట్రావెల్స్ కార్యాలయంలో మావారూ నేనూ కూర్చుని, మే నెలలో అక్కడ వానలు కదా, సముద్రం ఎలా ఉంటుందండీ అంటే, “పడితే ఓ గంట పడుతుంది మేడమ్, పిల్లలు ఎంజాయ్ చేస్తారు” అన్నారు. వాళ్లిచ్చిన కాగితం వెనక మాత్రం, వాతావరణం వల్ల రద్దయిన కార్యక్రమాలకు డబ్బు వాపసు ఉండదని చిన్న అక్షరాల్లో ఉంది. గంట సేపు పడి ఆగిపోయే వానకు ఆ వాక్యం అవసరం ఏమిటో వాళ్లు చెప్పలేదు. మేము అక్కడ బుక్ చేయలేదు.

నైరుతి తీరంలో మే, జూన్ నెలల సముద్రం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే వ్యాసంలోని సాహసాల్లో చాలావరకు దాని మీద ఆధారపడినవే. మిరిస్స నుంచి నీలి తిమింగలాలను చూడడానికి పడవలు వెళ్లే కాలం సుమారుగా నవంబరు నుంచి ఏప్రిల్ వరకు. ఆ తరువాత కెరటాలు పెద్దవవుతాయి. పడవ బయలుదేరినా, బయలుదేరిన గంటకే పిల్లలు వాంతులతో సొమ్మసిల్లుతారు, తిమింగలాన్ని చూసే ఓపిక ఎవరికీ మిగలదు. హిక్కడువ పగడపు దిబ్బల దగ్గర నీరు కలకబారి అడుగు కనిపించదు. వీటన్నిటికంటే ప్రమాదకరమైనది రిప్ కరెంట్, అంటే ఒడ్డుకు వచ్చి విరిగిన కెరటాల నీరంతా ఒక సన్నని పాయగా కూడి వేగంగా లోపలికి లాగడం. పైకి చూస్తే ఆ పాయ ఉన్నచోటే కెరటాలు తక్కువగా, ప్రశాంతంగా కనిపిస్తాయి. తెలియనివాళ్లు పిల్లలను సరిగ్గా అక్కడే దింపుతారు. అందులో చిక్కుకున్నవాళ్లు ఒడ్డువైపు ఎదురీదితే అలసిపోతారు, తీరానికి సమాంతరంగా పక్కకు ఈది పాయ దాటాక ఒడ్డుకు మళ్లాలి. మెరీనాలో స్నానం నిషేధమని బోర్డులు చూస్తూ పెరిగిన మన పిల్లలకు సముద్రమంటే భయం ఉంది. విదేశంలో, హోటల్ ముందు ఉన్న సముద్రం మాత్రం తమకోసం మచ్చిక చేసి పెట్టినట్టు అనిపిస్తుంది కాబోలు.

కితుల్‌గల సంగతి వేరు, దానిని కొట్టిపారేయడం సబబు కాదు. కెలణి నదిలో రాఫ్టింగ్‌కు, అంటే గాలి నింపిన పడవలో ఉరవళ్ల మీద సాగిపోవడానికి, అది పేరుపొందిన చోటు. నది కష్టాన్ని ఒకటి నుంచి ఆరు వరకు తరగతులుగా లెక్కించే పద్ధతిలో అక్కడి ఉరవళ్లు మామూలు రోజుల్లో ఎక్కువగా రెండు, మూడు తరగతులవి. ఎగువన ఉన్న జలవిద్యుత్ కేంద్రాల నుంచి ఎంత నీరు వదులుతారనే దాన్ని బట్టి, పైన కొండల్లో పడిన వానను బట్టి ఉదయం ఉన్న నది మధ్యాహ్నం ఉండదు. అనుభవం ఉన్నవాళ్లు నీరు ఎక్కువగా ఉండే కాలాన్నే కోరుకుంటారన్నది నిజం. వాళ్లకు సరదా అయిన నీరు పదేళ్ల పిల్లకు సరదా కాదు. పైగా ఆ ఊరు కేగల్ల జిల్లాలోది. 2016 మేలో ఆ జిల్లాలోనే అరణాయక దగ్గర కొండచరియ విరిగి ఊళ్ల మీద పడింది. మరుసటి ఏడాది మళ్లీ మే నెలలోనే, నైరుతి జిల్లాలన్నిటా వచ్చిన వరదల్లో, విరిగిపడిన కొండచరియల కింద రెండు వందల మందికి పైగా చనిపోయారు. ఇవి ఎవరికీ తెలియని రహస్యాలు కావు, అప్పట్లో మీ పత్రికలోనూ మొదటి పేజీ వార్తలే అయి ఉంటాయి. అదే పత్రిక పర్యాటక పేజీకి ఆ వార్త చేరకపోవడం నాకు విచిత్రంగా తోచింది. కాలం చూడని సాహసం ఏం చేస్తుందో తెలియడానికి సముద్రం దాటి వెళ్లనక్కరలేదు కూడా. 2018 మార్చిలో తేని జిల్లా కురంగణి కొండల్లో కార్చిచ్చులో చిక్కుకుని ఇరవై మందికి పైగా పోయారు, వారిలో చెన్నై నుంచి ట్రెక్కింగ్‌కు వెళ్లినవారు ఉన్నారు.

ఇంతకూ వేసవి సెలవుల్లో వెళ్లవద్దని చెప్పడానికి కాదు ఈ ఉత్తరం. మేము మే చివరిలోనే వెళ్లాం, తూర్పుకు. మా అత్తగారు, ఇద్దరు పిల్లలు, మేమిద్దరం. చెన్నై నుంచి కొలంబోకు విమానంలో గంటన్నర కూడా పట్టదు. దిగిన రోజునే సముద్రానికి పరుగెత్తకుండా ముందు సిగిరియ వెళ్లాం. అయిదవ శతాబ్దంలో కాశ్యపుడు అనే రాజు చుట్టూ ఉన్న నేలకు దాదాపు 200 మీటర్ల ఎత్తున ఉన్న ఒంటి బండ మీద కోట కట్టుకున్న చోటు అది. సుమారు 1,200 మెట్లు. ఎక్కడం కష్టమే కానీ పిల్లలు ఎక్కగలరు. దారి పొడుగునా, మాట్లాడకుండా నిశ్శబ్దంగా నడవండి, కందిరీగలు ఉన్నాయని బోర్డులు ఉంటాయి. అవి ఊరికే పెట్టినవి కావు: బండ అంచుల కింద వేలాడే పెద్ద పట్టులు కింది నుంచి కనిపిస్తాయి, అవి రేగితే జనం దూరడానికి ఇనుప వల కట్టిన గదులు కూడా అక్కడ ఉన్నాయి. మా వెనక వస్తున్న ఒక బృందం పాటలు పెట్టుకుని ఎక్కబోతే కాపలా మనిషి ఆపి, ఫోను ఆపేదాకా కదలనివ్వలేదు. శిల్పంగా మలిచిన పెద్ద సింహపు పాదాల దగ్గర నుంచి పైకి వెళ్లే ఇనుప మెట్లు ఎండకు కాలుతుంటాయి కాబట్టి ద్వారం తెరిచే వేళకే అక్కడ ఉండాలి. మా అత్తగారు కింద తోటల వరకే వచ్చి, మేము దిగేదాకా చెట్టు నీడన కూర్చున్నారు.

సిగిరియ నుంచి త్రికోణమలై రెండు, రెండున్నర గంటల దారి. ఆ ఊళ్లో మాట తమిళమే కాబట్టి చెన్నైవాళ్లకు బేరమాడడం దగ్గర నుంచి పడవ మీద జాగ్రత్తలు అడగడం దాకా దుబాసీ అక్కరలేదు. సాహస యాత్రలో ఇది చిన్న విషయమేమీ కాదు, ఎందుకంటే ‘గట్టిగా పట్టుకో’, ‘వదిలేయ్’ అన్న మాటలు అర్థం కావడం మీదే చాలా ఆధారపడి ఉంటుంది. అష్టాదశ శక్తిపీఠాల్లో మొదటిదిగా చెప్పుకునే శాంకరీ దేవి స్థానం అక్కడే, కోణేశ్వరాలయం పక్కన కొండ మీద ఉంది. మా అత్తగారు ప్రయాణానికి ఒప్పుకున్నది నిజానికి అందుకే. ఇలా ఒకే చోట పెద్దవాళ్లకు క్షేత్రదర్శనమూ పిల్లలకు సముద్రమూ కుదిరే తీరం నైరుతిలో ఇంత సులువుగా దొరకదు.

ఊరికి ఉత్తరాన నిలావెలి తీరం, దానికి ఎదురుగా ఒక కిలోమీటరు దూరంలో పావురాల దీవి. 2003లో దానిని జాతీయ ఉద్యానంగా ప్రకటించారు. వన్యప్రాణి శాఖ టికెట్ తీసుకుని పడవలో వెళ్లాలి. ఒడ్డంతా విరిగిన పగడపు ముక్కలే కనుక చెప్పులు లేకుండా నడవలేం, ఆ ముక్కలు తీసుకురావడం నేరం కూడా. అక్కడ మాకు దొరికిన పడవ మనిషి చేసిన ఒక పని చెప్పి తీరాలి. మా చిన్నదానికి లైఫ్ జాకెట్ తొడిగి, పట్టీలు బిగించి, జాకెట్‌ను భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగాడు. జాకెట్ చెవుల దాకా వచ్చేసింది. “ఇది పెద్దది, నీళ్లలో పిల్ల కిందికి జారిపోతుంది” అని విప్పేసి, కాళ్ల మధ్య నుంచి పట్టీ వచ్చే చిన్న జాకెట్ మరొకటి వెతికి తెచ్చి, మళ్లీ లాగి చూశాకే పడవ తీశాడు. స్నార్కెలింగ్‌లో, అంటే నోట గొట్టంతో ఊపిరి తీసుకుంటూ నీటిమీద తేలుతూ కిందికి చూడడంలో, పిల్లలు చిన్న సొరచేపలను చూశారు. రెక్క కొస నల్లగా ఉండే ఆ జాతి మనుషుల జోలికి రాదని ముందే చెప్పడం వల్ల కంగారు పడలేదు. నీరు అద్దంలా ఉంది. అదే వారం నైరుతి తీరంలో చేపల వేటకు పడవలు వెళ్లవద్దన్న హెచ్చరిక హోటల్ టీవీలో చూశాం.

తూర్పున ఇంకా చాలా ఉంది, అన్నీ మేము చూడలేదు. బట్టికలోవా దగ్గరి పాసికుడాలో చాలా దూరం నడుము లోతే ఉంటుంది, ఈత రాని పిల్లలకు అంతకంటే అనువైన తీరం తక్కువ. గల్ ఓయ జాతీయ ఉద్యానంలో జీపు బదులు పడవలో వెళ్లి, జలాశయంలోని దీవుల మధ్య ఏనుగులు ఈదడం చూడవచ్చు. అరుగంబేలో సర్ఫింగ్ నేర్పుతారు. త్రికోణమలై నుంచీ తిమింగలాలను చూడడానికి పడవలు వెళతాయి, సుమారుగా మార్చి నుంచి ఆగస్టు వరకు. తిరుగు దారిలో క్యాండీలో ఆగితే మనవాళ్లకు మరో సంగతి ఆసక్తిగా ఉంటుంది: ఆ రాజ్యపు చివరి రాజులు మధుర నాయకుల వంశంతో సంబంధం ఉన్నవాళ్లు, 1815లో ఆంగ్లేయులకు చిక్కిన ఆఖరి రాజును తెచ్చి ఉంచింది మన వేలూరు కోటలోనే.

తూర్పుకు వెళ్లినంత మాత్రాన కళ్లు మూసుకోవచ్చని నేననడం లేదు. అక్కడి మే ఎండ మన ఎండకు తీసిపోదు. పదకొండు నుంచి మూడు వరకు పిల్లలను నీడపట్టున ఉంచాల్సిందే. మరో విషయం స్కూబా డైవింగ్, అంటే వీపున గాలి సిలిండరుతో నీటి లోపలికి మునగడం. నీటిలో ఒక్కసారి మునిగితే కనీసం 12 గంటలు, ఒకటికి మించి మునిగితే కనీసం 18 గంటలు గడిచేదాకా విమానం ఎక్కకూడదన్నది ఆ రంగంలో అందరూ పాటించే నియమం. పైకి వెళ్లినకొద్దీ గాలి పీడనం తగ్గి, నీటిలో మునిగినప్పుడు రక్తంలో కరిగిన నత్రజని బుడగలు కడుతుంది. మేము చూసిన ప్యాకేజీల్లో ఒకదానిలో చివరి రోజు ఉదయం డైవింగ్, సాయంత్రం విమానం ఉన్నాయి. మరొకదానిలో ఉదయం డైవింగ్ చేసి అదే రోజు 1,868 మీటర్ల ఎత్తున ఉన్న నువర ఎలియకు కారులో ఎక్కాలి. కొండ ఎక్కడమూ ఆకాశానికి ఎక్కడంలాంటిదేనని ఆ కాగితం తయారు చేసినవాళ్లకు ఎవరూ చెప్పినట్టు లేదు. ఇక ప్రయాణ బీమా: చాలా పాలసీల్లో సాహస క్రీడలు మినహాయింపుల జాబితాలో ఉంటాయి, లేదా అదనపు ప్రీమియం కడితేనే వర్తిస్తాయి. రాఫ్టింగ్, డైవింగ్ అని పేరుపెట్టి అడిగి, జవాబు ఈమెయిల్‌లో తెప్పించుకోవాలి. ‘అన్నీ కవర్ అవుతాయి’ అన్న నోటిమాటకు ఆసుపత్రి బిల్లు దగ్గర విలువ ఉండదు.

నైరుతి తీరం చూడాలన్న కోరిక ఉన్నవాళ్లకు డిసెంబరు చివరి సెలవులూ సంక్రాంతి సెలవులూ ఉన్నాయి, అప్పుడు ఆ సముద్రం ఎంతో బాగుంటుంది. బెంగళూరులో ఉంటున్న మా మరిది పిల్లలకు వేసవి సెలవులు మాకంటే ముందుగా మొదలవుతాయి; వాళ్లు ఏప్రిల్ మొదటి వారంలో మిరిస్స వెళ్లి హాయిగా తిరిగొచ్చారు. మధ్యాహ్నాలు ఉరుములు తప్ప ఇబ్బంది లేదన్నారు. కాకపోతే ఏప్రిల్ 13, 14 తేదీల్లో అక్కడ సింహళ, తమిళ ఉగాది; ఆ రోజుల్లో దుకాణాలు మూసి, డ్రైవర్లు సొంతూళ్లకు వెళ్లిపోతారు, ప్రయాణం ఆ తేదీలను తప్పించి పెట్టుకోవాలి. తమిళనాడులో పరీక్షలు ముగిసి మనం పెట్టె సర్దేసరికి ఏప్రిల్ దాటుతుంది కనుక, మనకు తూర్పే దారి.

అందుచేత మీకు నా మనవి ఒకటే. పర్యాటక పేజీలో ఏ ఊరి గురించి రాసినా, ధర పక్కనే ఆ ఊరికి ఏ నెలలు అనువైనవో, ఏ నెలలు కావో ఒక్క వరుస వేయండి. శ్రీలంకకే కాదు, రెండు తీరాలకు రెండు కాలాలుండే థాయిలాండ్‌కూ, మలేషియాకూ అది అవసరమే. ప్రకటనలు ఇచ్చే సంస్థలను కూడా, కార్యక్రమం ఏ నెలకో, పిల్లల కనీస వయసు ఎంతో, రద్దయితే డబ్బు సంగతేమిటో అదే సైజు అక్షరాల్లో ఇవ్వమని మీరు అడిగితే వాళ్లు కాదనలేరు. పాఠకురాలిగా నేను అడిగితే నవ్వి ఊరుకుంటారు. దసరా సెలవుల ప్రత్యేక సంచిక త్వరలో రాబోతోంది. అక్టోబరు, నవంబరు నెలలు అక్కడ రెండు రుతుపవనాల నడిమి కాలం. వానలు ద్వీపమంతటా పడతాయి, బంగాళాఖాతంలో వాయుగుండాలు పుట్టేది కూడా అప్పుడే. ఆ సంచికలో శ్రీలంక ఉంటే ఈ ముక్క కూడా వేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పెరంబూరు, చెన్నై.